మస్టర్‌లో పేరు లేనివాళ్లు

2024 సెప్టెంబరులో సింగరేణి బొగ్గు కంపెనీ లాభాల్లో కార్మికుల వాటా ప్రకటించారు. సుమారు 42 వేల మంది పర్మినెంట్ కార్మికులకు 796 కోట్ల రూపాయలు. సగటున మనిషికి లక్షా తొంభై వేలు. అదే ప్రకటనలో, కంపెనీ చరిత్రలో మొదటిసారిగా, దాదాపు పాతిక వేల మంది కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా 5,000 రూపాయలు ఇస్తామన్నారు. ఒకే గని, ఒకే దుమ్ము, ఒకే షిఫ్టు. ఒకరికి వాటా, మరొకరికి బక్షీసు. రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో సహాయం, అభివృద్ధి అనే మాటల గురించి ఆలోచించాలంటే ఈ రెండు అంకెలతోనే మొదలుపెట్టాలని నాకు అనిపిస్తుంది.

గోదావరిఖని పేరు చెబితే ఏ అంతర్జాతీయ సహాయ సంస్థకూ ఆకలి గుర్తుకురాదు. బొగ్గు ఉంది, ఎన్టీపీసీ ఉంది, ఎరువుల కర్మాగారం ఉంది, జీతాలున్నాయి. నిధుల కోసం రాసే ప్రతిపాదనల్లో అనంతపురం కరువు వస్తుంది, దివిసీమ తుఫాను వస్తుంది, పాలమూరు వలస వస్తుంది. గోదావరిఖని రాదు. ఈ నేల మీద ఆపద వస్తే చూసుకునేవాళ్లు వేరే ఉన్నారని లోకం అనుకుంటుంది. కంపెనీ, యూనియన్, ప్రభుత్వం. మరి ఆ ముగ్గురూ ఎవరిని చూసుకుంటున్నారు, ఎవరిని వదిలేస్తున్నారు? ప్రపంచమంతటా సహాయ సంస్థలు దెబ్బలు తిని నేర్చుకున్న పని పద్ధతుల్లో ఇక్కడికి ఏవి వచ్చాయి, ఏవి రాలేదు?

విదేశీ సాయం అసలు ఈ నేలకు రాలేదని కాదు. వచ్చింది, కానీ యంత్రాల రూపంలో వచ్చింది. రామగుండంలో అందరూ బీ-థర్మల్ అని పిలిచే 62.5 మెగావాట్ల కేంద్రం అమెరికా ప్రభుత్వ సాయంతో కట్టి 1971లో మొదలైంది. ఆ తర్వాత వచ్చిన ఎన్టీపీసీ రామగుండం కేంద్రానికి ప్రపంచబ్యాంకు అప్పు ఇచ్చింది. దాని మొదటి యూనిట్ 1983లో నడిచింది, ఇప్పుడు పాత యూనిట్ల సామర్థ్యం 2,600 మెగావాట్లు. ఆ రోజుల్లో అభివృద్ధి సాయమంటే అదే. చిమ్నీ లేస్తే ఊళ్లో దీపం వెలుగుతుంది, ఫ్యాక్టరీ వస్తే కొలువు వస్తుంది అని నమ్మారు. దీపం వెలిగింది, కొలువులూ వచ్చాయి. నేను దాన్ని తక్కువ చేయను. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి భూమి లేని కుటుంబాలు వచ్చి, దొర గడీ ముందు చేతులు కట్టుకోకుండా తల ఎత్తుకొని బతికింది ఈ బొగ్గు బాయిల వల్లే. కానీ ఆ సాయం లెక్క మెగావాట్లలో రాశారు. ఎన్టీపీసీ బూడిద చెరువు పక్కన కుందనపల్లిలో ఉండేవాళ్ల లెక్క అందులో ఎక్కడా లేదు.

బాధితులు అప్పు ఇచ్చినవాళ్లను నేరుగా ప్రశ్నించే దారి తర్వాత ఏర్పడింది. నర్మద ఆందోళన తర్వాత ప్రపంచబ్యాంకు 1993లో ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ పెట్టింది. 2001లో జార్ఖండ్‌లోని పరేజ్ ఈస్ట్ ఓపెన్‌కాస్ట్ గని నిర్వాసితుల తరఫున అక్కడి ఆదివాసీ సేవా సంస్థ ఒకటి ఫిర్యాదు చేసింది. గని కోల్ ఇండియాది, పునరావాసానికి డబ్బు బ్యాంకుది. ప్యానెల్ వచ్చి చూసింది, బ్యాంకు తన సొంత విధానాలనే చాలాచోట్ల పాటించలేదని తేల్చింది. పోయిన భూములు తిరిగి రాలేదు. అయినా ఒక బొగ్గు గని ఊరి మనుషులు రాసిన కాగితానికి వాషింగ్టన్‌లో జవాబు చెప్పాల్సి వచ్చింది. మన ఓపెన్‌కాస్టుల కింద పోయిన ఊళ్లకు అలాంటి కిటికీ ఒక్కటీ తెరుచుకోలేదు. ఎమ్మార్వో ఆఫీసు, ఆర్డీవో ఆఫీసు, జీఎం ఆఫీసు, మళ్లీ ఎమ్మార్వో ఆఫీసు. ఫిర్యాదు తీసుకునేదీ, ఫిర్యాదు ఎవరి మీదో వాళ్లూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చొని ఉంటారు.

తెలుగు నేల మీదికి అంతర్జాతీయ సహాయ సంస్థలు పెద్ద ఎత్తున దిగింది 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత. దాదాపు పదివేల ప్రాణాలు పోయిన ఆ విపత్తు ఎందరో కార్యకర్తలకు బడి అయింది. శవాలు తీయడం, బట్టలు పంచడం, తర్వాత పక్కా ఇళ్లు, తుఫాను షెల్టర్లు. సాయం పంచడంలో జరిగే అన్యాయాలు కూడా ఆ బడిలోనే తెలిశాయి. రోడ్డు పక్క ఊరికి రెండుసార్లు అందుతుంది, లోపలి పల్లెకు అసలు అందదు. పెద్ద కులం గుడి దగ్గర లారీ ఆగుతుంది, మాలపల్లె దాకా రాదు. ప్రపంచంలో మరెన్నో చోట్ల ఇదే అనుభవం. 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమమూ పెద్ద సహాయ సంస్థలూ కలిసి ఒక ప్రవర్తన నియమావళి రాసుకున్నాయి. అవసరాన్ని బట్టే సాయం, కులం మతం పార్టీ చూడొద్దు, సాయం అందుకునేవాళ్లకు కూడా మేం జవాబుదారులం అని. 1997లో స్ఫియర్ ప్రమాణాలు మొదలయ్యాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు. నీటి కొళాయి 500 మీటర్ల లోపు. వరసలో అరగంటకు మించి నిలబెట్టొద్దు. తలదాచుకోవడానికి మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు.

ఈ కొలతలను శరణార్థి శిబిరాల కోసం రాశారు. కాని వాటిని పట్టుకొని గోదావరిఖని మురికివాడల్లో, గని నుంచి తీసిన మట్టి (ఓబీ) కుప్పల పక్కన వేసుకున్న గుడిసెల్లో ఒక వేసవి నాడు తిరిగి చూడమని నేను సహాయ రంగంలో చదువుకునే ప్రతి విద్యార్థికీ చెబుతాను. కంపెనీ క్వార్టర్లకు నీళ్లు, కరెంటు, ఆసుపత్రి ఉంటాయి. క్వార్టర్ గోడ అవతల అదే గనిలో లారీ తోలేవాడి ఇంటికి ఏముందో కొలవడానికి మన దగ్గర ఒక కొలబద్దే లేదు.

ఈ ప్రాంతానికి దగ్గరలో, అంతర్జాతీయ సాయం పల్లె పద్ధతిగా మారిన మంచి ఉదాహరణ వరంగల్‌లో ఉంది. బాల థెరిసా, ఆమె భర్త కెనడా దేశస్థుడు ఆంద్రె జింగ్రాస్ కలిసి 1977లో కెనడాలో సోపార్ అనే సంస్థ పెట్టారు. వాళ్లే 1991లో వరంగల్ కేంద్రంగా బాలవికాస పెట్టారు. మహిళా సంఘాలు, చెరువుల పూడికతీత, తర్వాత ఫ్లోరైడ్ ఊళ్లలో మంచినీటి శుద్ధి కేంద్రాలు. సంస్థ యంత్రం ఇస్తుంది. ఊరు తన వంతు డబ్బు వేసుకోవాలి, గది చూపాలి, కమిటీ కట్టాలి, క్యాన్‌కు ఇంత అని ధర పెట్టుకొని యంత్రాన్ని తామే నడపాలి. గీసుకొండ మండలం గంగదేవిపల్లి ఇలా కమిటీల మీద నడిచే ఊరిగా పేరు తెచ్చుకుంది. అంతకంటే నాకు ముఖ్యమైంది ఆ సంస్థ వితంతువుల విషయంలో చేసిన పని. భర్త పోయిన ఆడమనిషి బొట్టు, గాజులు, పసుపు తీసేసే తంతును ఊరి సభలో చర్చకు పెట్టింది. శుభకార్యాలకు వాళ్లను పిలవమని మగవాళ్లను, పూజారులను ఒప్పించే పని చేసింది. బొగ్గు గనుల్లో, లారీల కింద, దుమ్ముతో చెడిన ఊపిరితిత్తులతో మొగుణ్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు ఉన్న ప్రాంతంలో ఈ పని విలువ వేరే చెప్పనక్కర్లేదు. నీటి ప్లాంటు ఎవరైనా పెడతారు. ఇలాంటి తంతును మార్చడానికి ఏళ్ల తరబడి ఊళ్లో ఉండాలి.

ఇక ఈ నేల తనకు తానుగా చేసుకునే సహాయం గురించి. బయటివాళ్లకు ఇది తెలియదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి పక్కనున్న పాత పనుల నుంచి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. అలాంటి రోజున మొదట దిగేది గని రెస్క్యూ దళం. వాళ్లూ కార్మికులే. ఆక్సిజన్ సిలిండర్ వీపున కట్టుకొని, తనలాంటి వాడు ఇంకా బతికి ఉన్నాడేమోనని చీకట్లోకి పోయే మనుషులు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోతే సింగరేణి రెస్క్యూ జట్లు వెళ్లాయి. సైన్యం, ఎన్డీఆర్‌ఎఫ్‌లతో పాటు బురదలో, ఊటలో వారాల తరబడి పనిచేశాయి. చిక్కుకున్నవాళ్లలో సింగరేణి మనిషి ఒక్కడూ లేడు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, కశ్మీర్ నుంచి బతకడానికి వచ్చిన ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు వాళ్లు. ఇద్దరి శరీరాలు మాత్రమే బయటికి వచ్చాయి. అవసరం ఒక్కటే చూసి కదలడమనే సూత్రాన్ని ఏ నియమావళీ చదవకుండానే పాటించిన మనుషులు ఈ బొగ్గు బెల్టులో ఉన్నారు. ఇది చిన్న విషయం కాదు, ఈ మాట రాస్తున్నప్పుడు నాకు గర్వంగా ఉంది.

కంపెనీ వైపు సింగరేణి సేవా సమితి ఉంది. కార్మికుల ఇళ్ల ఆడవాళ్లకు కుట్టు, బ్యూటీషియన్, చేతిపనుల శిక్షణ, పిల్లలకు సైన్యం, పోలీసు ఎంపికల కోసం తర్ఫీదు. బడులు, ఏరియా ఆసుపత్రులు ఉన్నాయి. రామగుండంలో వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాలకు సింగరేణి 500 కోట్ల రూపాయల బాధ్యత తీసుకుంది, ఇప్పుడు దానికి సింగరేణి పేరే ఉంది. గుండె నొప్పి వస్తే కరీంనగర్ దాకా, కాదంటే హైదరాబాద్ దాకా అంబులెన్సులో పోవాల్సిన ఊరికి ఇది నిజంగా ప్రాణం పోసే పని. యూనియన్లు చేసినదీ తక్కువ కాదు. సమ్మె కాలంలో బియ్యం పోగుచేయడం, చనిపోయిన వాడి ఇంటికి ఉద్యోగం కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం. 2011లో తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన సకల జనుల సమ్మెలో నెలకు పైగా జీతం లేకుండా నిలబడ్డ బస్తీలను ఎవరు సాకారు? పక్క దుకాణంవాడు ఖాతా రాసుకున్నాడు, ఊళ్లో ఉన్న అన్నదమ్ములు వడ్లు పంపారు.

కాని ఈ మొత్తం అల్లికకు ఒక తాడు ఉంది, దాని పేరు మస్టర్, అంటే కంపెనీ హాజరు పట్టిక. మస్టర్ పడితే మనిషి. మస్టర్ ఉంటే క్వార్టర్, ఆసుపత్రి, లాభాల వాటా, కారుణ్య నియామకం. 1990ల మొదట్లో లక్షా పదివేలకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. బొగ్గు తగ్గలేదు, పెరిగింది. మట్టి తీసే ఓబీ పనులు, బొగ్గు రవాణా, క్యాంటీన్, ఆసుపత్రి శుభ్రత, సెక్యూరిటీ, తోటపని అన్నీ కాంట్రాక్టర్ల చేతికి పోయాయి. సహాయం మాత్రం పాత మస్టర్ దగ్గరే ఆగిపోయింది. 2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్టు-1లో పేలుడు పదార్థాలు నింపుతుండగా పేలి నలుగురు చనిపోయారు. నలుగురూ కాంట్రాక్టు కార్మికులే. ప్రమాదం జరిగే చోటుకు కాంట్రాక్టు మనిషిని జరిపి, ప్రమాదం తర్వాత అందే భద్రతను పర్మినెంట్ మనిషి దగ్గరే ఉంచడం ఎవరో ఒకరు కుట్రపూరితంగా చేసిన పని కాదు. టెండరు మీద టెండరుగా, ఏడాది మీద ఏడాదిగా జరిగింది. అందుకే దాన్ని సరిదిద్దడం కష్టం.

2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు సమ్మె చేశారు. కోల్ ఇండియాలో హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలు తమకూ ఇవ్వాలన్నది ప్రధాన డిమాండు. న్యాయమైన డిమాండే అని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ సహాయం మొదలు కావలసింది జీతం దగ్గరే. 2024లో పర్మినెంట్ ఉద్యోగులకు బ్యాంకుల ద్వారా కోటి రూపాయల ప్రమాద బీమా వచ్చింది. ఆ తర్వాత కాంట్రాక్టు కార్మికులకూ బ్యాంకు ఖాతాతో ముడిపెట్టి బీమా తెచ్చారు, మొత్తం తక్కువే అయినా. ఆ పథకం పనిచేయాలంటే జీతం ప్రతి నెలా ఖాతాలో పడాలి. జీతం ఖాతాలో పడితే కాంట్రాక్టరు ఎంత ఇచ్చాడో రుజువు కూడా ఉంటుంది. కాబట్టి పైసల కంటే ఆ ఖాతా ముఖ్యమని నేను అనుకుంటాను.

మస్టర్ నుంచి జారిపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. పదవీ విరమణ చేసినవాళ్లు. 1998 బొగ్గుగని పెన్షన్ పథకంలో పెన్షన్ దిగిపోయిన రోజున ఎంత కట్టారో అంతే, డీఏ కలవదు. ఇరవై ఏళ్ల కింద దిగిన ముసలాయన ఆ డబ్బుతో బీపీ గోలీలు కొనుక్కోవడమే కష్టం. భూనిర్వాసితులు మరో వర్గం. రామగుండం-3 ఓపెన్‌కాస్టు విస్తరణలో లద్నాపూర్ లాంటి ఊళ్లు లేచిపోయాయి. ఇలాంటి ప్రతి ఊళ్లోనూ కటాఫ్ తేదీ ఒక పేచీ. ఆ తేదీకి పద్దెనిమిదేళ్లు నిండనివాడు ప్యాకేజీలో లేడు. ఊరు ఖాళీ చేసేనాటికి వాడికి పెళ్లి అయి పిల్లలున్నా లేడు. భూమి లేని కూలీ, చాకలి, మంగలి, కుమ్మరి ఇళ్లకు పరిహారం గోడల విలువే. ఊరంతా కలిసి ఉన్నప్పుడు దొరికిన బతుకుకు విలువ కట్టే పట్టికే లేదు.

వీళ్లకు చట్టం ఇచ్చిన ఒకే గట్టి ఆసరా జిల్లా ఖనిజ నిధి. 2015 గనుల చట్టం సవరణతో వచ్చింది. బొగ్గు ధరలో 14 శాతం రాయల్టీ, పాత లీజులైతే ఆ రాయల్టీలో మరో 30 శాతం ఈ నిధికి కట్టాలి. అంటే వంద రూపాయల బొగ్గు మీద 4 రూపాయల 20 పైసలు. ఇది కంపెనీ దయ కాదు, గనివల్ల నష్టపోయినవాళ్ల హక్కుగా చట్టంలో రాసిన డబ్బు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఖర్చు చేసే రెండు శాతం సీఎస్సార్ వేరు, దాన్ని ఎక్కడ పెట్టాలో కంపెనీ బోర్డు నిర్ణయిస్తుంది. ఖనిజ నిధికి కలెక్టరు అధ్యక్షుడు. 2024లో మార్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గని చుట్టూ 15 కిలోమీటర్లు ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతం, కనీసం 70 శాతం అక్కడే పెట్టాలి. తాగునీరు, ఆరోగ్యం, చదువు, ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, వికలాంగులు ముందు.

కాగితం మీద ఇంతకంటే మంచి సహాయ సంస్థను ఏ ఆక్స్‌ఫామ్ కూడా కట్టలేదు. నిధి ఆగదు, దాత మనసు మారదు, విదేశీ నిధుల అనుమతి అక్కర్లేదు. చిక్కు ఎక్కడంటే, దేశమంతటా ఈ నిధి ముందుగా సిమెంటు రోడ్డు మీదికి, ప్రహరీ గోడ మీదికి పోతోంది. రోడ్డుకు శిలాఫలకం ఉంటుంది, ముసలామె మందులకు ఉండదు. చట్టం బాధిత వ్యక్తులు అని రాసింది, ఆచరణలో అది బాధిత ప్రాంతం అయింది. ప్రాంతానికి రోడ్డు వేస్తే సరిపోతుంది, మనిషికైతే పేరు రాయాలి. స్ఫియర్ లాంటి ప్రమాణాల అవసరం సరిగ్గా ఇక్కడే. గోదావరిఖని వార్డులో మనిషికి ఎన్ని లీటర్ల నీళ్లు అందుతున్నాయి, ఓబీ దుమ్ములో ఎంతమంది పిల్లలకు ఆయాసం ఉంది అని ముందు కొలిచి, తర్వాత పని ఎంచుకునే క్రమం పెట్టాలి. ఇప్పుడు పని ముందు, అవసరం తర్వాత.

విపత్తు వచ్చిన రోజున ఈ లోపం బయటపడుతుంది. 2022 జులైలో గోదావరికి వచ్చిన వరద భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. ఇటు మంథని పట్టణంలోకీ నీళ్లు వచ్చాయి. ఇల్లు మునిగిన యజమాని పేరు రెవెన్యూ రికార్డులో ఉంటుంది, అద్దెకున్న వలస కూలీ పేరు ఉండదు. అంతర్జాతీయ సంస్థలు వరద ప్రాంతంలో మొదటి వారంలోనే చేసే పని ఒకటుంది. ఇంటింటికీ తిరిగి ఎవరు నిజంగా అక్కడ ఉంటున్నారో రాసుకోవడం. పట్టా, రేషన్ కార్డు అడగరు, రాత్రి ఎక్కడ పడుకున్నావని అడుగుతారు. బెల్టులో బీహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఓబీ కంపెనీల్లో పనిచేసే కుర్రవాళ్లు లెక్కలోకి రావడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

ఇప్పుడు బయటి సంస్థలు వచ్చి ఈ పని చేస్తాయని ఎదురుచూసే కాలం పోయింది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక పెద్ద సంస్థ తనకు వచ్చిన డబ్బును చిన్న సంస్థకు ఇచ్చే దారి మూసుకుపోయింది. జిల్లాల్లో పదిమందితో నడిచే సంస్థలకు ఊపిరి ఆ దారిలోనే అందేది. కంపాషన్ ఇంటర్నేషనల్ 2017లో దేశం వదిలింది. ఆక్స్‌ఫామ్ ఇండియాకు 2022 నుంచి విదేశీ నిధులు ఆగాయి. 2024 జనవరిలో వరల్డ్ విజన్ ఇండియా అనుమతి రద్దయింది. బీ-థర్మల్‌కు సాయం చేసిన అమెరికా సంస్థ యూఎస్ఎయిడ్ 2025లో మూతపడింది. ఆ బీ-థర్మల్ కూడా 2024లోనే ఆగిపోయింది. ఈ సంస్థల మీద విమర్శలు ఉన్నాయి, కొన్ని నిజం. మత ప్రచారం, భారీ జీతాలు, ఊరి మనిషిని ఫొటోకు నిలబెట్టడం. నేను వాళ్ల డబ్బు కోసం బాధపడటం లేదు, వాళ్లు నేర్చుకున్న పద్ధతులు వాళ్లతో పాటే పోతాయేమోనని నా బాధ.

ఆ పద్ధతులను ఇక్కడి నిధులకు అతికించడం పెద్ద ఖర్చు కాదు. ఖనిజ నిధి పనుల జాబితా ప్రతి పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. కాంట్రాక్టు కార్మికుల పేర్లు, వాళ్లు పనిచేసే ఓసీ పేరు, కాంట్రాక్టరు పేరు కలిపి ఒక రిజిస్టరు కంపెనీయే నడపాలి, ఆసుపత్రిలో ఆ రిజిస్టరు చూసి చీటీ ఇవ్వాలి. ఫిర్యాదు తీసుకునేవాళ్లు కంపెనీ మనుషులూ రెవెన్యూ మనుషులూ కాకూడదు. విశ్రాంత న్యాయమూర్తి, యూనియన్ తరఫున ఒకరు, నిర్వాసితుల తరఫున ఒక ఆడమనిషి కూర్చుంటే చాలు. రెస్క్యూ దళాల్లో కాంట్రాక్టు కార్మికులకూ శిక్షణ, భత్యం ఇవ్వాలి. పేలుడు దగ్గర మొదట ఉండేది వాళ్లే కాబట్టి.

మూసివేత అనే ప్రశ్న కూడా దగ్గరపడుతోంది. గోదావరిఖనిలో పాత భూగర్భ గనులు (ఇంక్లైన్లు) ఒక్కొక్కటే ఆగుతున్నాయి. కంపెనీ 2025 ఏప్రిల్‌లో ఒడిశాలోని నైనీలో రాష్ట్రం బయట తన మొదటి గని తెరిచింది. గని మూసినప్పుడు నేలను చదును చేయడానికి, మొక్కలు పెట్టడానికి 2009 నుంచి ప్రత్యేక ఖాతాలో డబ్బు జమ చేయాలన్న నియమం ఉంది. పర్మినెంట్ కార్మికుణ్ని మరో ఏరియాకు బదిలీ చేస్తారు. కాంట్రాక్టరు తన టిప్పర్లను నైనీకి తోలుకుపోతాడు. టిప్పర్ తోలినవాడి పేరు మాత్రం నేల కోసం కట్టిన ఖాతాలో గానీ, బదిలీ ఉత్తర్వులో గానీ ఉండదు.